మొదటి రోజు గుర్రం ఎక్కనివ్వలేదు

మా బిడ్డకు తొమ్మిదేళ్లు. ఆరు నెలలుగా గుర్రం నేర్చుకుంటానని ఒకటే పోరు. ఆదివారం హన్మకొండ శివారులో స్వారీ నేర్పే చోటికి తీసుకెళ్లాను. మనకు తెలిసింది బరాత్ గుర్రమే కదా, ఎక్కించి ఒక రౌండు తిప్పుతారనుకున్నా.

ఎక్కనివ్వలేదు! చేతికి బ్రష్ ఇచ్చి, వెంట్రుకలు వాలిన వైపే దువ్వమన్నారు. వెనక నుంచి పోవద్దు, మాట్లాడుకుంటూ భుజం పక్కకు రావాలి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు ఎలా తీయాలో చూపించారు. గంట అదే పని. నాకు విసుగు, బిడ్డకు పండుగ.

అక్కడ పిల్లలకు ఇచ్చేది 'పోనీ' (pony) అట. నేను దాన్ని గుర్రం పిల్ల అనుకునేవాణ్ని. కాదట, అది పెరిగినా పొట్టిగానే ఉండే జాతి. భుజం దగ్గర ఎత్తు సుమారు 58 అంగుళాలు దాటదు. బ్రిటన్‌లో పిల్లల కోసం 1929లోనే పోనీ క్లబ్ పెట్టారు. అక్కడా స్వారీతో పాటు గుర్రం ఆలనాపాలనా నేర్పుతారు.

పంపాలనుకునే తల్లిదండ్రులారా, హెల్మెట్ తల మీద కదలకూడదు. మడమ ఉన్న బూట్లు కొనండి, లేకపోతే పాదం రికాబులోకి (జీను పక్కన కాలు పెట్టే కడియంలోకి) జారిపోతుంది. చెప్పులతో అసలే వద్దు.

రెండో ఆదివారం ఎక్కింది. నాకే టెన్షన్. అది మాత్రం దిగగానే, "బాపూ, దానికి క్యారెట్ తెచ్చినవా?" అంది. తేలేదు.