రాజు బేరిపండైన నాలుగు మెట్లు: ఫిలిపాన్ బొమ్మకు నకలు, పని పద్దు

తీసుకున్న బొమ్మ: 1831 నవంబరు 14న పారిస్ కోర్టు విచారణ సందర్భంగా ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారుడు షార్ల్ ఫిలిపాన్ సిరాతో గీసిన నాలుగు తలలు. అప్పటి ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ ముఖం మెట్టుమెట్టుగా బేరిపండైపోతుంది. మొదటిది రాజును పోలి ఉందని శిక్షిస్తే, దాన్ని పోలిన రెండోదాన్ని, ఆ వరసలో చివరికి పండునూ శిక్షించాలన్నది ఆయన వాదన. 6 నెలల జైలు, 2000 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. బేరిపండు మాత్రం పారిస్ గోడలకెక్కింది.

1వ రోజు
ముందు సరైన ప్రతి ఎంచుకోవాలి. 1834లో లె షారివారి పత్రికలో వచ్చినది చెక్క అచ్చు. అందులో గీత మందం చూసి కలం ఒత్తిడి చెప్పలేం, మధ్యలో చెక్కినవాడి ఉలి ఉంది. సిరా ప్రతినే ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, ఒక్కో తలకు నిట్టనిలువు మధ్యగీత గీశాం. కణతలు, కళ్లు, దవడ దగ్గర వెడల్పు స్కేలుతో కొలిచి పట్టికలో రాశాం.

2వ రోజు
తొలి నకలు చెడింది. 75 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) జిరాక్సు కాగితం మీద సిరా పీచుల వెంట పాకి, సన్న గీతలన్నీ మొద్దుబారాయి. 200 జీఎస్ఎమ్ నున్నటి కాగితానికి మారాక గీత నిలిచింది. కొత్త పాళీకి నూనెపూత ఉంటుంది. టూత్‌పేస్టుతో తోమి కడగకపోతే సిరా చుక్కలుగా జారుతుంది. పాళీని ఎప్పుడూ మనవైపుకే లాగాలి. ముందుకు తోస్తే మొన కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది. దవడ వంపు దగ్గర చేతిని తిప్పకుండా కాగితాన్నే తిప్పాలి.

4వ రోజు
అసలు సంగతి ఇక్కడ తేలింది. ముఖం పండుగా మారడానికి బయటి అంచు చాలా మారుతుందనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే, పైన సన్నగా, కింద బరువుగా ఉండే ఆకారం మొదటి తలలోనే ఉంది. ఎక్కువ పని లోపలి గీతలది. ముంగురుల గుత్తి క్రమంగా తొడిమ, ఆకులవుతుంది. చెంప వెంట్రుకలు నీడలో కలిసిపోతాయి. కళ్లు, నోరు గీతలుగా మొదలై మచ్చలుగా మిగులుతాయి. అంచును అతిగా ఉబ్బించిన నకలులో రెండో తలే పండైపోయింది, మూడోదానికి పని లేకుండా పోయింది. పెన్సిలుతో నాలుగూ తేలిగ్గా వేసుకుని, లోపలి గీతలు ఏ మెట్టులో ఎన్ని తగ్గాలో తేల్చుకున్నాకే సిరా ముట్టాలి. ఆరడానికి కనీసం 10 నిమిషాలు ఆగాలి, తొందరపడి రబ్బరు రుద్దితే సిరా అలుక్కుపోతుంది.

5వ రోజు
కూర్పు పరీక్ష. పై వరసలో రెండు, కింద రెండు. వాక్యం చదివినట్టే ఎడమ నుంచి కుడికి చదవాలి. రెండు, మూడు తలలను కాగితంతో కప్పితే పండు, రాజు మధ్య చుట్టరికం బాగా సడలుతుంది. ఒక్కోటీ పక్కదాన్నే పోలి ఉండాలి, మొదటిదాన్ని కాదు. న్యాయమూర్తిని ఇరికించే ముడి అదే, అందుకే నాలుగు కంటే తక్కువైతే ఈ వాదన నడవదు. వరస తిప్పి నాలుగోదాన్ని ముందు చూపితే అందులోని మచ్చలు పండు మీది మచ్చలే. మూడు తలలూ చూసి వచ్చిన కంటికి అవే కళ్లు, నోరు.

తర్వాతి పని: మూడో తల ఒక్కటే మళ్లీ గీయడం. ప్రస్తుత నకలులో దాని ముంగురులు ఇంకా జుట్టుగానే ఉన్నాయి, ఆకుల వైపు మళ్లలేదు.