ఊదారంగు తగ్గిందంటే అది బయోఫిల్మ్ జన్యువేనా?

చిగుళ్ల జబ్బులో పాచి పొరగా (బయోఫిల్మ్‌గా) ఎలా పేరుకుంటుందో చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాని. ఒక జన్యువు తీసేసి, 96 గుంటల ప్లేటులో పెంచి, అంటుకున్న పొరకు పట్టే ఊదారంగు, క్రిస్టల్ వయొలెట్, వేస్తారు. రంగు తగ్గితే "ఇది బయోఫిల్మ్ జన్యువు" అని రాసేస్తారు. అంత తొందర వద్దు.

ముందు పెరుగుదల చూడండి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ పడదు. పెంచే ద్రవంలో (మీడియాలో) దాని పెరుగుదలకు కావలసిన హీమిన్ మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు, మెనడయోన్ 1 మైక్రోగ్రాము వేస్తాం. మ్యూటెంట్ (జన్యువు తీసేసిన బ్యాక్టీరియా) నెమ్మదిగా పెరిగేదైతే దాని పొర కూడా పలచగానే ఉంటుంది. అంటుకోవడంలో లోపమేమీ లేకపోయినా సరే. అందుకే మ్యూటెంటుకూ, జన్యువు తీయని మూల బ్యాక్టీరియాకూ ఒకే మీడియాలో గ్రోత్ కర్వ్ (కాలంతో పాటు పెరుగుదల గీత) తప్పనిసరి.

గుంటకు 200 మైక్రోలీటర్లు చాలు. అంచు గుంటలు త్వరగా ఆరిపోతాయి కాబట్టి వాటిలో నీళ్లే పోయండి. తేలే కణాలు తీసేటప్పుడు పిపెట్ మొనను గోడకు ఆనించాలి. అడుగుకు గుచ్చితే పొర పెచ్చులుగా లేచి వచ్చేస్తుంది, పక్కపక్క గుంటల్లోనే రీడింగులు పొంతన లేకుండా వస్తాయి. 0.1 శాతం రంగు 15 నిమిషాలు ఉంచి, కడిగి, ఆరబెట్టి, 30 శాతం అసిటిక్ ఆమ్లంలో కరిగించి 595 నానోమీటర్ల దగ్గర చదవండి. ఈ రంగు చచ్చిన కణాలకూ పడుతుంది.

అసలు చిక్కు జన్యువుల దగ్గర. ఈ బ్యాక్టీరియా ఒంటిమీద అంటుకోవడానికి పనికొచ్చే సన్నని నూగు పోగులుంటాయి, వాటినే ఫింబ్రియా అంటారు. పొడవాటి ఫింబ్రియాకు ముఖ్య ప్రోటీన్ ఫిమ్‌ఏ. దాని జన్యువు వెనకాలే ఫిమ్‌బీ, ఫిమ్‌సీ, ఫిమ్‌డీ, ఫిమ్‌ఈ జన్యువులు వరసగా ఉంటాయి. ఫిమ్‌ఏ స్థానంలో ఎరిత్రోమైసిన్ క్యాసెట్ (ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువున్న ముక్క) పెడితే వెనకవాటి పని కూడా దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు మనం కొలిచింది ఏ జన్యువు ప్రభావం? తీసేసిన జన్యువును తిరిగి పెట్టి, పొర మామూలుకు వచ్చిందని చూపాలి. నా దృష్టిలో అది లేని ఫలితం సగం ఫలితమే.

స్ట్రెయిన్ (ఒకే బ్యాక్టీరియాలోని ఒక్కో రకం) చరిత్ర కూడా తెలియాలి. ఎక్కువ ల్యాబుల్లో వాడే ఏటీసీసీ 33277 అనే స్ట్రెయిన్‌లో ఫిమ్‌బీ జన్యువు మధ్యలోనే ఆగిపోయే మ్యుటేషన్ ఉంది. ఫింబ్రియా పొడవును అదుపులో ఉంచేది ఫిమ్‌బీయే. అందుకే ఈ స్ట్రెయిన్ ఫింబ్రియా అసాధారణంగా పొడుగు. మరో స్ట్రెయిన్ డబ్ల్యూ83కి ఫింబ్రియా చాలా తక్కువ. ఒకదాంట్లో చూసింది రెండోదానికి అంటగట్టలేం.

పొట్టి ఫింబ్రియా ప్రోటీన్ ఎమ్‌ఎఫ్‌ఏ1 సంగతి వేరు. అది నోట్లోనే ఉండే మరో బ్యాక్టీరియా స్ట్రెప్టోకాకస్ గోర్డోనై మీదున్న ఎస్‌ఎస్‌పీబీ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఒంటరిగా పెంచిన ప్లేటులో ఆ పట్టు కనబడే వీలే లేదు. ముందు స్ట్రెప్టోకాకస్ పొరను పరిచి, ఆ తర్వాతే పోర్ఫైరోమోనాస్‌ని వదలాలి. అక్కడ క్రిస్టల్ వయొలెట్ పనికిరాదు, రెంటికీ ఒకే రంగు అంటుతుంది. వేర్వేరు ఫ్లోరోసెంట్ గుర్తులు పెట్టి కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.