చెరకు తోటలో దొరికిన జంగుపిల్లి, ఆఫీసు బెంచీ మీద ఆరు గంటలు

నిన్న విశాఖ జూకి వెళ్ళి మా జంగుపిల్లిని చూసొచ్చాను. ఆ సంతోషం, అంతకుముందు పడ్డ కడుపుమంట రెండూ ఇంకా వేడి మీదే ఉన్నాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది అనకాపల్లి దగ్గర. జనవరిలో చెరకు నరుకుతుంటే ఆఖరి మడిలో రెండు కూనలు కనబడ్డాయి. "పులిపిల్లలు బాబూ!" అంటూ కూలీలు కత్తులు వదిలేసి గట్టెక్కేశారు. పులీ కాదు, చిరుతా కాదు. పొడుగు కాళ్ళు, పొట్టి తోక, ఒంటి మీద లేత చారలు, చెవి కొసన సన్నటి నల్ల వెంట్రుకలు. లింక్స్ అనే అడవిపిల్లికి చెవుల మీద పెద్ద కుచ్చులుంటాయి కదా, ఫోటో చూసి మా మేనల్లుడు అదే అనుకున్నాడు. ఇది మన తోటల్లో ఎలుకల్ని తిని బతికే జంగుపిల్లి. రైతుకి ఇది చేసే మేలు ఏ మందూ చెయ్యదు, దీన్ని చూడగానే కర్ర తీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక కూనకి కత్తి తగిలి వెనక కాలు తెగింది. రెండింటినీ గంపలో పెట్టి అదే గట్టు మీద ఉంచి అందరం వచ్చేశాం, మనుషులుంటే తల్లి రాదు. తెల్లారేసరికి బాగున్న కూనని తీసుకుపోయింది. దెబ్బ తగిలినది మిగిలింది. ఈలోగా ఎవరో జాలిపడి ఆవుపాలు పట్టేశారు, దానికి విరేచనాలు. దయచేసి పాలు పట్టకండి. పశువుల డాక్టరు గారు కట్టు కట్టి, తేదీ, టైము వేసి చీటీ రాసిచ్చారు.

ఇక అప్పగించడానికి ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళాను. పదింటికి బెంచీ మీద కూర్చుంటే నాలుగింటికి లేచాను, ఒళ్ళో గంప. వచ్చేపోయేవాళ్ళంతా గుడ్డ ఎత్తి చూడటం, ఫోన్లో ఫోటో తియ్యడం, అది లోపల బుసకొట్టడం. చివరికి ఒకాయన పిలిచి అడిగిన మొదటి మాట, "ఎన్నాళ్ళ నుంచి పెంచుతున్నావ్? ఎంతకి బేరం పెట్టావ్?" నాకు నలభై ఎనిమిదేళ్ళు, ఊళ్ళో ఎవరి దగ్గరా మాట పడలేదు. స్టేట్‌మెంట్ రాయమన్నారు. "మా తోటలో దొరికింది" అని రాశాను. దాన్ని చింపేసి "నేను పట్టుకున్నాను" అని రాయమన్నారు. మళ్ళీ దొరికిందనే రాశాను. మళ్ళీ చింపారు. మూడోసారి ఆయనే రాసి, సంతకం పెట్టమని పెన్ను నా ముందుకి తోశారు. చెయ్యి వణికింది గానీ పెట్టలేదు. దొరకడానికీ పట్టుకోవడానికీ ఉన్న తేడా జైలంత తేడా, ఆ సంగతి నాకు తెలుసు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, అది మన చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీసు స్టేషన్లో గానీ అధీకృత అధికారికి గానీ తెలపాలి. నేను ముందురోజు పొద్దున్న దొరికినదాన్ని మర్నాడే తెచ్చాను. ఆ మాట గట్టిగా అని డాక్టరు గారి చీటీ బల్ల మీద పెట్టాను. అప్పుడే ఫీల్డు నుంచి వచ్చిన ఒక మేడమ్ గారు చీటీ చదివి, "ఈయన చెప్పింది కరెక్టేనండీ, దొరికిందనే రాయండి" అన్నారు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

మీకు ఇలాంటిది ఎదురైతే అర్జీ ఇంట్లోనే రెండు కాపీలు రాసుకుని వెళ్ళండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోకుండా గంప చేతికివ్వకండి. ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దు.

తర్వాతవన్నీ సులువుగానే జరిగాయి. కూనని విశాఖ పంపారు. కాలు అతుక్కుంది గానీ కుంటు పోలేదు, దూకి ఎలుకని పట్టలేదు కాబట్టి అడవిలో వదల్లేమని చెప్పారు. నిన్న పర్మిషన్ తీసుకుని దూరం నుంచి చూశాను. పక్కనున్న కంబాలకొండ అడవి వైపు నుంచి గాలి వీస్తోంది. అది దుంగ మీద పడుకుని ఉంది, ఒంటి మీద చారలు దాదాపు పోయాయి, చెవుల కొసలు ఇప్పుడు బాగా నల్లబడ్డాయి. నేనొక అడుగు ముందుకి వేశానో లేదో, చెవులు వెనక్కి వాల్చి పళ్ళు చూపించి బుస్సుమంది. మనిషికి అలవాటు పడలేదు. కుంటుకుంటూ దుంగ వెనక్కి దిగిపోయింది, తోక చివర నల్ల పట్టీ ఒక్కటే కాసేపు కనబడింది.