కయ చెక్క మీద ఓ ఆట

గళ్ల పలక మీద నలుపు, తెలుపు రాళ్లతో ఆడే గో ఆటని ఇన్నాళ్లూ ఫోన్‌లోనే ఆడాను. ఈ ఆదివారం టోక్యోలో, కాళ్లున్న అసలు గోబాన్ (గో పలక) ముందు కింద కూర్చుని ఆడే అవకాశం దొరికింది. కయ అనే చెట్టు నుంచి తీసిన తేనె రంగు చెక్క, వంగితే సన్నటి వాసన. ఆల్చిప్పతో చేసిన తెల్ల రాయి దాని మీద పెడితే వచ్చే ఆ టక్‌మనే చప్పుడు... అబ్బ!

పలక చతురస్రం కాదట. సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 42 వెడల్పు. కూర్చున్నవాళ్లు ఏటవాలుగా చూస్తారు కాబట్టి ఆ తేడాతోనే గళ్లు సమంగా కనిపిస్తాయి. కాళ్లు గార్డీనియా పూమొగ్గల్లా చెక్కారు.

అసలు సంగతి అడుగున ఉంది. మధ్యలో ఓ గుంట! చెక్క పగలకుండా అని కొందరు, చప్పుడు బాగుండాలని కొందరు అంటారు. పక్కన కూర్చుని సలహాలిచ్చేవాడి తల నరికి అందులో పెట్టేవారని ఓ కట్టుకథ కూడా ఉంది. మన పేకాట బ్యాచ్‌కి ఇది అర్జెంటుగా చెప్పాలి 😄

జపాన్‌లోని మియజాకి ప్రాంతపు కయకి పేరెక్కువ. చెట్టు పెరగడానికి వందల ఏళ్లు, కోసిన దిమ్మ ఆరడానికి మళ్లీ ఏళ్లు. మంచి పలక ధర విన్నాక ఇంకేం అడగలేదు. షిన్‌కయ పేరుతో చవగ్గా దొరికేది స్ప్రూస్ అనే వేరే చెట్టు చెక్కట, నా జేబుకి అదే ఎక్కువ.

ఆటా? నన్ను తొమ్మిది రాళ్లు ముందే పలక మీద పెట్టుకోనిచ్చినా ఓడిపోయాను.