ఆసు ముందు రెండు కెమెరాలు: మాన్యువల్ ఫోకస్‌తో నా అనుభవం

మా మామయ్య కువైట్ నుంచి తెచ్చిన యాషికా ఎలక్ట్రో 35 పాతికేళ్లుగా బీరువాలోనే ఉండిపోయింది. మూడేళ్ల కిందట బయటికి తీసి కంటికి పెట్టుకున్నాను. వ్యూఫైండర్ మధ్యలో చిన్న పసుపు మచ్చ, అందులో అన్నీ రెండేసి కనబడ్డాయి. లెన్స్ రింగు తిప్పితే రెండో బొమ్మ మెల్లగా పక్కకు జరిగి మొదటిదాని మీద కూర్చుంటుంది. కూర్చుందంటే ఫోకస్ కుదిరినట్టే. నాకు అప్పటిదాకా ఆటోఫోకస్ తప్ప ఏమీ తెలియదు. ఆ రింగు తిప్పుతూ ఆ సాయంత్రం ఇంట్లో వాళ్లందరి ముఖాలూ చూశాను.

దీని పాత 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రావడం లేదు. అడాప్టర్ పెట్టి 6 వోల్టుల 4ఎల్ఆర్44 వేస్తే పని చేసింది. కానీ మొదటి రోల్‌లో ఒక్క ముఖమూ షార్ప్‌గా రాలేదు. లెన్స్ పాడైందేమోనని చాలా బాధపడ్డాను. తర్వాత ఎక్కడో చదివి, మేడ ఎక్కి, లెన్స్‌ని ఇన్ఫినిటీ (అనంత దూరం) మీద పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూశాను. పసుపు మచ్చలో రెండు టవర్లు! రెండూ ఒకటిగా కనబడాలి. కోఠీలో ఒక పెద్దాయన పై మూత విప్పి, చిన్న స్క్రూ కొద్దిగా తిప్పి, వీధి చివరి బోర్డు వైపు చూపించి "ఇప్పుడు చూడు బాబూ" అన్నారు. ఒకే బోర్డు కనబడింది.

పసుపు మచ్చలో బొమ్మల్ని కలిపి ఫోకస్ చూపే ఈ ఏర్పాటు పేరు రేంజ్‌ఫైండర్. అది అసలు ఏం చేస్తుందో నాకు అప్పుడే అర్థమైంది. లెన్స్‌లో పడే బొమ్మతో దానికి సంబంధం లేదు. కెమెరా ముందున్న రెండు చిన్న కిటికీల మధ్య ఎడాన్ని ఆధారం చేసుకుని దూరం కొలుస్తుంది, అంతే. కొలబద్ద జరిగితే కొలత తప్పుతుంది, కానీ బొమ్మలు రెండూ కలిపాక మచ్చలో మాత్రం అంతా సరిగ్గానే కనబడుతుంది.

అసలు పరీక్ష పోచంపల్లిలో ఎదురైంది. ఇక్కత్ నేతను మొదటి నుంచి చివరిదాకా ఫొటోలు తీయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఇళ్లలో వెలుతురు తక్కువ, ఫ్లాష్ వేయడం నాకు ఇష్టం లేదు. అందుకని వెలుతురు బాగా లోపలికి రానిచ్చే వోయిట్‌లాండర్ 50 ఎంఎం ఎఫ్/1.5 లెన్స్ కొన్నాను. దాని బిగింపు లైకా వాళ్ల ఎం మౌంట్ కాబట్టి స్నేహితుడి ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ లైకా ఎం6 మీద నేరుగా పెట్టొచ్చు, అడాప్టర్ ఉంటే నా డిజిటల్ కెమెరా సోనీ ఏ7 III మీద కూడా. సోనీ వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్, లెన్స్ చూసే బొమ్మనే చిన్న తెర మీద చూపిస్తుంది. ఒకే లెన్స్, రెండు రకాల చూపు. దేనితో తీయాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదనిపించింది.

ఈ లెన్స్‌ని పూర్తిగా తెరిచి మీటరు దూరంలో తీస్తే షార్ప్‌గా ఉండే లోతు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. 70 సెంటీమీటర్లకు దగ్గరైతే అది దాదాపు ఒకటిన్నరే. కంటి మీద పెడితే చెవి మసకబారుతుంది.

ఒక ఇంట్లో పెద్దమ్మ ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు నూలును మేకుల మీద తిప్పి సిద్ధం చేస్తోంది. ఒక పక్క ఒకటే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఆ ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, మళ్లీ వెనక్కి, పోగు అలా తిరుగుతూనే ఉంటుంది. చీరకు సరిపడా పోయాలంటే చెయ్యి వేలసార్లు ఆడాలి. ఈ శ్రమ చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం ఇంకా చేత్తోనే.

ముందు సోనీ తీశాను. ఫోకస్ పీకింగ్ ఎర్ర రంగులో పెట్టుకున్నాను. ఫోకస్ ఉన్న అంచులకు ఎర్ర గీత వస్తుందనేది లెక్క. పోగులన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి, మూడు నాలుగు వరసలు కలిసి. పీకింగ్ అసలు చూసేది అంచుల్లో కాంట్రాస్టునే. తెల్ల నూలు, వెనక చీకటి, ఇక దానికి అన్నీ ఫోకస్‌లో ఉన్నట్టే. పీకింగ్ తీసేసి ఫైండర్‌లో బొమ్మని 5.9 రెట్లు పెద్దది చేశాను. ఇప్పుడు పోగు మీది నూగు కూడా కనబడింది. నిజంగా అద్భుతం. రింగు తిప్పి కుదిరించి, సగం నొక్కగానే మళ్లీ పూర్తి ఫ్రేము వచ్చింది, పూర్తిగా నొక్కాను. ఈలోపు పెద్దమ్మ చెయ్యి అటు చివరికి వెళ్లిపోయింది, నా ఒళ్లు కూడా ఊపిరితో పాటు సెంటీమీటరో రెండో కదిలింది. ఫొటోలో షార్ప్‌గా వచ్చింది ఆమె భుజం మీది కొంగు.

"ఏమన్న కనబడ్తలేదా బిడ్డా?" అంది ఆమె, చెయ్యి ఆపకుండానే.

లైకా ఎత్తాను. చీకటి గదిలోనూ ఫైండర్ తేటగా ఉంది, ఎందుకంటే అది మామూలు గాజు. నురుగులా ఆడే గ్రెయిన్ లేదు, ఆలస్యం లేదు. ఫ్రేము గీతల బయట ఆమె చెయ్యి ఎటు నుంచి వస్తోందో కూడా కనబడుతోంది. సరైన క్షణం ముందే తెలిసిపోతుంది. మచ్చను మేకుల మీద పెట్టి రెండు బొమ్మల్నీ కలిపి నొక్కాను. చాలా తేలిగ్గా అయిపోయింది. ఆ రోల్ మొత్తం సంతోషంగా తీశాను.

రోల్ కడిగించి చూస్తే ముఖాలు చక్కగా ఉన్నాయి. నిలువు పోగుల మీద ఫోకస్ చేసినవి మాత్రం సగానికి పైగా తప్పాయి. రెండు రోజులు ఆలోచించాక తెలిసింది. వరసగా ఒకేలాంటి గీతలుంటే రెండో బొమ్మలోని మూడో పోగు మొదటి బొమ్మలోని నాలుగో పోగు మీద కూర్చుంటుంది. కలిసినట్టే ఉంటుంది కానీ దూరం తప్పు. అడ్డంగా ఉన్న పోగులతో ఇంకో చిక్కు: బొమ్మ ఎటు జరిగినా తేడా తెలియదు, కెమెరాని నిలువుగా తిప్పి చూడాలి. కిటికీకి ఎదురుగా నిలబడితే ఎం6లో మచ్చ తెల్లబోతుంది. కన్ను సరిగ్గా మధ్యలోకి తెస్తే మళ్లీ వస్తుంది.

రెండోసారి వెళ్లినప్పుడు మరో తిప్పలు. సోనీలో ఏదీ షార్ప్‌గా కనబడలేదు. లెన్స్‌కి దెబ్బ తగిలిందని పూట పోగొట్టుకున్నాను. తీరా చూస్తే బ్యాగులో రాపిడికి కంటి పవర్ సర్దే చిన్న చక్రం తిరిగిపోయింది. వ్యూఫైండర్‌లో అక్షరాలు పదునుగా కనబడేదాకా దాన్ని తిప్పుకుంటే చాలు. ఇప్పుడు దానిమీద టేపు అంటించాను.

ఒకటే కెమెరా ఎంచుకోవాలన్న పట్టుదల అక్కడ వదిలేశాను. రేంజ్‌ఫైండర్ "ఎంత దూరం?" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ "లెన్స్‌కి ఏం కనబడుతోంది?" అన్నదానికి చెబుతుంది. మగ్గం మీద రంగులు కలిసే చోటు, రంగు అద్దిన పోగు కొస, ఇలాంటి కదలనివి సోనీతో పెద్దది చేసే తీస్తాను. ఆడే చెయ్యి, నవ్వే ముఖం అయితే లైకా. అందులోనూ పోగుల మీద మచ్చ పెట్టను, మేకు కొయ్య అంచు చూసుకుంటాను.

మొన్న వెళ్లి పెద్దమ్మకు నాలుగు ప్రింట్లు ఇచ్చాను. తన ముఖం ఉన్నది పక్కన పెట్టి, సోనీతో తీసిన పోగుల ఫొటోని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. "గిది ముడేసిన జాగ" అని వేలితో చూపించింది. అక్కడ ముడి ఉందని ఫోకస్ చేసినప్పుడు నేను గమనించనే లేదు.