ఇక్కడిదాకే వచ్చింది

"ఇక్కడిదాకే వచ్చింది, తర్వాత ఏంటో నాకింకా తెలీదు" అని డాన్స్ మధ్యలో ఆపేసి ఆ అమ్మాయి అలాగే నేలమీద కూర్చుండిపోయింది. మాకు చప్పట్లు కొట్టాలో వద్దో కూడా అర్థం కాలేదు.

చెన్నై బెసంట్ నగర్‌లో స్పేసెస్ అనే కళావేదిక, కొరియోగ్రాఫర్ చంద్రలేఖ గారు ఉన్న చోటు. భరతనాట్యం పక్కన కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునీ యోగానీ పెట్టి చూసిన మనిషి, 2006లో పోయారు. ఇవాళ అక్కడ ముగ్గురు చూపించారు, మూడూ సగంలో ఉన్న పనులే.

ఆ అమ్మాయి పీస్‌లో మ్యూజిక్ లేదు. కలరి భంగిమలో బాగా కిందికి వంగి ఉంది, వెనక మడమ లేస్తోంది, వణుకుతోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది, చివరికి తన ఊపిరి చప్పుడే తాళం అయిపోయింది, నేను కూడా తనతో పాటే ఊపిరి తీసుకుంటున్నానని చాలాసేపటికి గానీ గమనించలేదు.

నేను చిన్నప్పట్నుంచీ కూచిపూడి. నా కొత్త పీస్‌లో ప్రతి అక్షరానికీ ఒక అడుగు పెట్టేశా, ఎక్కడా ఖాళీ లేదు. ఖాళీ ఉంటే పని రానట్టు కనిపిస్తుందేమోనని భయం, అంతే.

రేపు రిహార్సల్‌లో ట్రాక్ ఆపేసి మొదటి రెండు నిమిషాలు చేసి చూస్తా. తను లేచాక నేలమీద మిగిలిన ఆ చెమట అరచేతి గుర్తు ఇంకా కళ్ళముందే ఉంది.