నిద్రపట్టనివ్వని ఆల్బమ్

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అనొరెక్సియా నెర్వోసా అనే బ్యాండ్ 2001 ఆల్బమ్ 'న్యూ ఆబ్స్‌క్యూరాంటిస్ ఆర్డర్' మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఫ్రాన్స్‌లోని లిమోజ్ నగరం వాళ్లది. వీళ్లు వాయించేది సింఫనిక్ బ్లాక్ మెటల్, అంటే అరుపులు, వేగమైన గిటార్లకు ఆర్కెస్ట్రా హంగులు కలిపిన రాక్ సంగీతం. అందులో చాలాసార్లు కీబోర్డ్ వెనకాల ఎక్కడో పరుచుకుని ఉంటుంది. ఇక్కడ మాత్రం గిటార్లతో, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్‌తో పోటీపడి ముందుకొస్తుంది. మొదటి రెండు పాటలకే గుండె దడ. గొంతయితే పాడుతున్నట్టు ఉండదు, చీలిపోతున్నట్టు ఉంటుంది.

ఇంగ్లిష్ మధ్యలో ఫ్రెంచ్ వచ్చినప్పుడల్లా ఒళ్లు జలదరించింది. ఫ్రెంచ్ అంటే మెత్తని భాష అనుకునేదాన్ని. గొంతు లోపలి నుంచి గరగరమంటూ వచ్చే ఆ 'ర' శబ్దం అరుపులో కలిస్తే ఇంత పదునుగా ఉంటుందని ఊహించలేదు! నాకు ఆ భాష రాదు. అయినా ఆ బాధ నేరుగా తగిలింది.

అయిపోయాక చాలాసేపు ఇంకేమీ వినబుద్ధి కాలేదు.